అమ్మమ్మ పెట్టెలోని పాత ఫొటోలు: ఏ ఏడాదివో తేల్చడానికి సాయం కావాలి

మాది విజయవాడ, సత్యనారాయణపురం. అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉన్న పిల్లల ఫొటోలన్నిటినీ ఏళ్ల వరసలో పేర్చాలని నా కోరిక. చాలావాటి వెనక ఏమీ రాసి లేదు.

గాంధీ కొండ మీద స్తూపం ముందు పిన్ని, మావయ్య నిలబడ్డ ఫొటో ఉంది. స్తూపాన్ని 1968లో ఆవిష్కరించారు కాబట్టి అంతకు ముందుది కాదు. కృష్ణా పుష్కరాల్లో తీసిన రంగు ఫొటో మాత్రం 1980దో 1992దో తేలడం లేదు.

నా మనసంతా స్టూడియో ఫొటోల మీదే. వెనక తెర మీద మేడమెట్లు, పూలకుండీ. ముందు చెక్క కారులో మావయ్య. ఇంట్లో సైకిలు కూడా లేని రోజులవి! తర్వాతి ఆల్బంలో తెర మాయం. టీవీ పక్కన, కొత్త ఫ్రిజ్ తలుపు పట్టుకుని పిల్లలు. పెద్దవాళ్లు కొనాలని ఆశపడ్డవన్నీ ఆ పిల్లల పక్కనే కనిపిస్తాయి.

బీసెంట్ రోడ్డు చుట్టుపక్కల ఇలాంటి తెరలు, చెక్క కారు ఉన్న స్టూడియోలు ఎవరికైనా గుర్తున్నాయా? ఏ కాలం వరకు నడిచాయి?

ఇంకొకటి. పెట్టెలో 120 అనే వెడల్పాటి రకం ఫిల్ముతో తీసిన చదరపు నెగటివ్‌లున్నాయి. 35 మిల్లీమీటర్ల ఫిల్ముకు చేసిన స్కానర్‌లో అవి పట్టవు. కొన్ని ఒకదానికొకటి అంటుకున్నాయి, లాగితే పాడవుతాయని ముట్టుకోలేదు. వాటిని జాగ్రత్తగా విడదీసి స్కాన్ చేసేవాళ్లు ఇక్కడ గానీ గుంటూరులో గానీ ఉంటే దయచేసి చెప్పండి.