క్రియాటినిన్ 1.9 ఉన్న నాన్నకి కొలనోస్కోపీ, ఈ సీసా మందు తాగించొచ్చా?

సోంపేట కుర్రాడు:
మలంలో రక్తం పడుతోందని నాన్నకి వచ్చే వారం శ్రీకాకుళంలో కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల కెమెరా గొట్టంతో చూసే పరీక్ష) పెట్టారు. ముందు పేగు శుభ్రపడటానికి డాక్టరుగారు రెండు లీటర్ల నీళ్లలో కలిపే పెగ్ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పొడి రాశారు. ఇక్కడ మెడికల్ షాపులో అది లేదట, "రెండూ ఒకటే, ఇదైతే అన్ని నీళ్లు తాగే బాధ ఉండదు" అని చిన్న సీసా ఇచ్చాడు, దాని మీద సోడియం ఫాస్ఫేట్ అని ఉంది. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బులు ఎక్కువని మీకు తెలిసిందే, నాన్నకి క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) 1.9, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. నిజంగా రెండూ ఒకటేనా? స్కోపీ పొద్దున్నే, అది తాగి బస్సులో ఎలా తీసుకెళ్లాలో అదో టెన్షన్.

ఎండోస్కోపీ సిస్టర్:
సీసా తిరిగిచ్చేయండి, ఒకటి కాదు. పెగ్ పొడిలో లవణాలు కొలత ప్రకారం కలిపి ఉంటాయి, తాగిన నీళ్లు ఒంటికి పెద్దగా పట్టకుండా పేగుని కడుక్కుంటూ బయటికి పోతాయి, అందుకే కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి డాక్టర్లు ముందు అదే రాస్తారు. ఫాస్ఫేట్ మందు ఒంట్లో నీటిని పేగులోకి లాగేస్తుంది, రక్తంలో ఫాస్ఫేట్ పెరిగి కాల్షియంతో కలిసి కిడ్నీలో పేరుకుంటుంది, ఆ దెబ్బ ఒక్కోసారి కొన్ని వారాల తర్వాత గానీ బయటపడదు. 2008లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దీని మీద గట్టి హెచ్చరిక పెట్టించింది. మెగ్నీషియం ఉన్న మందులూ అడక్కుండా వద్దు. ఐరన్ మాత్రలు వాడుతుంటే, షుగర్ మందులు, రక్తం పలచబడే మాత్రలు ఉంటే ఈ రోజే ఫోన్ చేసి అడగండి, మీ అంతట మీరు ఆపకండి.

కవిటి కొబ్బరితోట:
తమ్ముడూ, ముందు రోజే వెళ్లి కాంప్లెక్స్ దగ్గర లాడ్జి తీసుకో, గదిలోనే బాత్రూం ఉన్నది. సగం మందు సాయంత్రం, సగం తెల్లవారుజామున తాగిస్తేనే పేగు బాగా శుభ్రపడుతుంది. ప్రయాణం కోసమని మొత్తం రాత్రే తాగించేస్తే తెల్లారేసరికి కుడివైపు పేగు మీద మళ్లీ పసరు పేరుకుని చిన్న పాలిప్‌లు (పేగు గోడ మీద బుడిపెలు) కనపడవు. ఇంకోటి, నీరసపడ్డాడని మనవాళ్లు వెంటనే కొబ్బరిబొండాం కొట్టిచ్చేస్తారు. కిడ్నీ బాగోలేనివాళ్లకి అందులో పొటాషియంతో ప్రమాదం, డాక్టర్ని అడక్కుండా ఇవ్వొద్దు.

సోంపేట కుర్రాడు:
అన్నా, సిస్టర్ గారూ, థాంక్స్. పొడి శ్రీకాకుళంలో దొరికింది. ఆ ఉప్పదనానికి నాన్న వాంతి చేసుకుంటాడేమోనని అమ్మ భయం.

ఎండోస్కోపీ సిస్టర్:
ఫ్రిజ్‌లో పెట్టి చల్లగా ఇవ్వండి, పావుగంటకో గ్లాసు. వికారం వస్తే కాసేపు ఆపి మళ్లీ మొదలుపెట్టండి. ముందు రోజు ఆకుకూరలు, గింజలున్నవి, జీడిపప్పు ఏమీ వద్దు. చివరికి లేత పసుపు నీళ్లలా రావాలి, ఇంకా మడ్డిగా వస్తుంటే లోపలికి తీసుకెళ్లేముందే అక్కడి సిస్టర్‌కి చెప్పండి. మత్తు ఇస్తారు కాబట్టి వాళ్లు చెప్పిన టైము దాటాక మంచినీళ్లు కూడా ఇవ్వకండి.