తాండ్ర, కాజా, బిస్కెట్లు: నాలుగేళ్ల బాబు పళ్లు

అమలాపురం అమ్మ: బాబు బడి నుంచి రాగానే తాండ్ర, కాజా, బిస్కెట్లు, పడుకునేదాకా ఏదో ఒకటి నములుతూనే ఉంటాడండి. పై ముందుపళ్ల మీద, చిగురు అంచున తెల్లమచ్చలు వచ్చాయి. తీపి మొత్తం మానిపించాలా?

భీమవరం డెంటిస్ట్: అక్కర్లేదండి. ఎంత తిన్నాడన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నాడన్నదే ముఖ్యం. తిన్న ప్రతిసారీ నోట్లో బ్యాక్టీరియా చక్కెరను ఆమ్లంగా మారుస్తుంది. పీహెచ్ (ఆమ్లాన్ని కొలిచే అంకె, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) 5.5 కంటే దిగితే పంటి గట్టి పైపొర, ఎనామిల్, కరగడం మొదలవుతుంది. లాలాజలం దాన్ని సరిచేయడానికి అరగంట నుంచి గంట కావాలి. ఈలోగా ఇంకో బిస్కెట్ పడితే ఆ వ్యవధే దొరకదు. కాజా అన్నంతోపాటే పెట్టేయండి. మధ్యలో దాహానికి మంచినీళ్లే.

రాజోలు టీచరమ్మ: తాండ్ర పళ్ల సందుల్లో అతుక్కుపోతుంది. బిస్కెట్ పిండి దవడపళ్ల గాడుల్లో ముద్దగా కూరుకుంటుంది, దాన్ని ఎవరూ పట్టించుకోరు. బెల్లమైతే మంచిదంటారుగానీ పంటికి అదీ చక్కెరే. సాయంత్రానికి ఉడికించిన గుడ్డో, మెత్తటి జామ ముక్కలో ఇవ్వండి.

భీమవరం డెంటిస్ట్: 1000 పీపీఎం (పది లక్షల భాగాల్లో వెయ్యి) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు బఠాణీ గింజంత వేసి, రోజూ రెండు పూటలా మీరే తోమండి. ఉమ్మించండి, పుక్కిలించనివ్వకండి. రాత్రి తోమాక పాలు కూడా వద్దు. తెల్లమచ్చ అంటే పుచ్చు మొదలవుతున్నట్టు. ఈ దశలో ఫ్లోరైడ్ వార్నిష్‌తో (పంటి మీద మేం పూసే పూత) ఆపొచ్చు. గుంట పడితే ఫిల్లింగే. ఈ వారమే చూపించండి.