గ్డాన్స్క్, సోపోట్, గ్డినియా: అమ్మానాన్నలతో బాల్టిక్ తీరానికి

ప్రశ్న (కూకట్‌పల్లి నుంచి)

నమస్కారం. వచ్చే జూన్‌లో అమ్మానాన్నలను పోలండ్ తీసుకువెళ్తున్నాను. వార్సాలో బంధువుల ఇంట్లో కొన్నాళ్లుండి, బాల్టిక్ తీరంలో ఒకదానినొకటి ఆనుకుని ఉన్న గ్డాన్స్క్, సోపోట్, గ్డినియాలకు నాలుగు రోజులు కేటాయించాలని మా ఆలోచన. నాన్నగారు చరిత్ర అధ్యాపకులుగా పదవీ విరమణ చేశారు. అమ్మ పూర్తి శాకాహారి, పైగా మోకాళ్ల నొప్పుల వల్ల ఎక్కువ మెట్లు ఎక్కలేరు. మూడు ఊళ్లలో విడివిడిగా బస చేయాలా, ఒకచోటే ఉండి తిరిగిరావచ్చా? గ్డినియాలో చూడదగ్గది లేదని, దానిని వదిలేయమని ఇక్కడి టూర్ ఏజెంటు ఒకరు అంటున్నారు. మీ అభిప్రాయం తెలుపగలరు.

మొదటి సమాధానం (తార్నాక నుంచి)

ఒకచోటే బస చేయండి. మన జంట నగరాలకు ఎం.ఎం.టి.ఎస్. ఎలాగో, ఆ మూడు ఊళ్లకు ఎస్.కె.ఎం. అనే లోకల్ రైలు అలాగే. గ్డాన్స్క్ నుంచి సోపోట్ మీదుగా గ్డినియాకు ముప్పావుగంట కూడా పట్టదు. వార్సా నుంచి గ్డాన్స్క్‌కు ఎక్స్‌ప్రెస్ రైలులో సుమారు మూడు గంటల ప్రయాణం.

గ్డినియాను మాత్రం దయచేసి వదలకండి. మీ నాన్నగారికి అన్నిటికన్నా నచ్చేది అదే కావచ్చు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత పోలండ్‌కు సముద్రతీరం కొద్దిగా దక్కింది గాని, గ్డాన్స్క్ ఏ దేశానికీ చెందని స్వేచ్ఛా నగరమైంది. సొంత రేవు లేకపోతే స్వాతంత్ర్యానికి భద్రత ఉండదని భావించిన పోలండ్, గ్డినియా అనే చేపల పల్లెలో రేవు కట్టడం మొదలుపెట్టింది. 1926లో ఆ పల్లెకు నగర హోదా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటికి జనాభా లక్ష దాటింది. ఊరి నడిబొడ్డున నడుస్తుంటే ఓడను తలపించే గుండ్రటి మూలలు, బారుగా సాగే కిటికీలు ఉన్న తెల్లని భవనాలు వీధి తర్వాత వీధిగా కనిపిస్తాయి. రేవులో 1909 నాటి తెరచాప ఓడ దార్ పొమోజా, యుద్ధంలో పోరాడిన బ్విస్కవిత్సా నౌక ఇప్పుడు మ్యూజియంలుగా ఉన్నాయి. అయితే ఓడల లోపలి మెట్లు నిటారుగా ఉంటాయి కనుక అమ్మగారు ఒడ్డునే కూర్చుని సముద్రం చూడటం మంచిది.

గ్డాన్స్క్‌లో మీరు చూసే పాత వీధులు చాలావరకు 1945లో నేలమట్టమై, తిరిగి కట్టినవి. ముఖభాగాలను పాత పద్ధతిలో నిలబెట్టి, వెనుక కొత్త నివాసాలు కట్టారు. ఇది తెలిసి చూస్తే ఆ ఊరి మీద గౌరవం పెరుగుతుందే గాని తగ్గదు. 1343లో మొదలై 1502లో పూర్తయిన సెయింట్ మేరీ ఇటుక చర్చి లోపలికి వెళ్లి 15వ శతాబ్దపు ఖగోళ గడియారం తప్పక చూడండి. గోపురానికి నాలుగు వందలకు పైగా మెట్లున్నాయి, అది నాన్నగారి ఓపికను బట్టి. ఓడల కర్మాగారం పక్కన 2014లో తెరిచిన సాలిడారిటీ (1980 సమ్మెల నుంచి పుట్టిన పోలండ్ కార్మిక సంఘం) కేంద్రానికి ఒక పూట పూర్తిగా ఇవ్వండి. 1980 ఆగస్టులో సమ్మె చేసిన కార్మికులు తమ 21 డిమాండ్లను చేత్తో రాసి గేటుకు తగిలించిన ప్లైవుడ్ పలకలు అక్కడ ఉన్నాయి. ఒక ప్రభుత్వాన్ని కదిలించిన అక్షరాలను అంత దగ్గరగా చూడటం పాఠ్యపుస్తకంలో చదవడంలాంటిది కాదు.

సోపోట్‌కు ఒక సాయంత్రం చాలు. అర కిలోమీటరు దాటి సముద్రంలోకి సాగే చెక్క వంతెన చదునుగా ఉంటుంది, అమ్మగారు నిదానంగా నడవవచ్చు. జూన్‌లో సూర్యుడు రాత్రి తొమ్మిది దాటాకే అస్తమిస్తాడు కనుక తొందర అక్కరలేదు. వేసవిలో వంతెనకు ప్రవేశ రుసుము ఉంటుంది.

రెండో సమాధానం (మలక్‌పేట నుంచి)

భోజనం సంగతి నేను చెబుతాను. మిల్క్ బార్ అని పిలిచే చవక భోజనశాలలు ఆ ఊళ్లలో ఉన్నాయి. ఉడికించిన బంగాళదుంప, పనీరు వంటి తెల్ల చీజ్ కలిపి కూరిన పియెరోగీలు (మన కజ్జికాయల్లా మడిచే పిండివంట) అమ్మగారికి సరిపోతాయి. కానీ వాటి పైన వేయించిన పంది కొవ్వు ముక్కలు చల్లే అలవాటుంది. వడ్డించాక తీసి పక్కన పెట్టమనడం కుదరదు కనుక ఆర్డరిచ్చేటప్పుడే వద్దని చెప్పాలి. పిండిలో గుడ్డు కలిపే చోట్లూ ఉన్నాయి, సూపులు చాలావరకు మాంసం రసంతో చేసినవే, అడిగి తెలుసుకోండి. అక్కడ యూరో కాదు, జ్లోటీ వాడుతారు.

మూడో సమాధానం (సికింద్రాబాద్ నుంచి)

పై మాటలన్నిటితో ఏకీభవిస్తూనే ఒకటి చేరుస్తాను. నాలుగో రోజు మాల్బోర్క్ కోటకు వెళ్లమని చాలామంది చెబుతారు. ట్యూటానిక్ యోధుల (మధ్యయుగపు జర్మన్ క్రైస్తవ సైనిక సంఘం) ఆ ఇటుక కోట అద్భుతమే, కానీ లోపల మెట్లు, ఎగుడుదిగుడు రాళ్లు ఎక్కువ. దాని బదులు గ్డాన్స్క్ నుంచి పడవలో వెస్టర్‌ప్లాట్టెకు వెళ్లండి. రెండో ప్రపంచ యుద్ధం మొదలైన 1939 సెప్టెంబరు 1 తెల్లవారుజామున జర్మన్ యుద్ధనౌక కాల్పులు జరిపింది అక్కడే. సుమారు రెండు వందల మంది పోలిష్ సైనికులు ఏడు రోజులు ఎదురు నిలిచారు. దారి పొడవునా రేవు, క్రేన్లు కూర్చునే చూడవచ్చు. తీరంలో గాలి చల్లగా ఉంటుంది, జూన్ అయినా స్వెట్టర్లు తీసుకువెళ్లండి. ఎస్.కె.ఎం. టికెట్టు మీద తేదీ ముద్ర లేకపోతే, ఎక్కే ముందే ప్లాట్‌ఫాం దగ్గరి యంత్రంలో వేసుకోండి. లేకపోతే జరిమానా తప్పదు.