లండన్ వైద్య విద్యార్థుల బోట్ క్లబ్బులు: కాలేజీ క్లబ్బు ఉండగా వేరుగా ఎందుకు?

ప్రశ్న: కృష్ణలంక_విద్యార్థి

అందరికీ నమస్కారం. నేను విజయవాడలో ఎం.బి.బి.ఎస్. మూడో సంవత్సరం చదువుతున్నాను. మా అక్క లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైద్యం చదువుతూ రోయింగ్ నేర్చుకుంటోంది. అయితే ఆమె చేరింది కాలేజీ బోట్ క్లబ్బులో కాదు, 'రమ్స్' (రాయల్ ఫ్రీ, యూనివర్సిటీ కాలేజీ, మిడిల్‌సెక్స్ విద్యార్థులు) అనే వైద్య విద్యార్థుల క్లబ్బులో. ఇంపీరియల్, కింగ్స్ కాలేజీల్లోనూ ఇదే ఏర్పాటు ఉందట. ఒకే కాలేజీకి రెండు బోట్ క్లబ్బులు ఎందుకు వచ్చాయి? వైద్య విద్యార్థుల క్లబ్బు చరిత్రను ఏ సంవత్సరం నుంచి లెక్కించాలి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు 1: గట్టుమీద_డాక్టరు

తమ్ముడూ, దీని మూలం ఆసుపత్రుల చరిత్రలో ఉంది. లండన్‌లో వైద్య పాఠశాలలు చాలావరకు ఆసుపత్రుల నుంచే పుట్టాయి. 1836లో ఏర్పడిన లండన్ విశ్వవిద్యాలయం చాలా కాలం పాటు పరీక్షలు పెట్టి పట్టాలిచ్చే సంస్థగానే ఉండేది కాబట్టి, విద్యార్థి తాను గైస్ ఆసుపత్రి వాడిననో, బార్ట్స్ (సెయింట్ బార్తలోమ్యూస్ ఆసుపత్రి) వాడిననో చెప్పుకునేవాడు తప్ప విశ్వవిద్యాలయం పేరు ఎత్తేవాడు కాదు. ఆటలూ అలాగే ఆసుపత్రుల వారీగా నడిచాయి. 'యునైటెడ్ హాస్పిటల్స్' పేరుతో ఆ పాఠశాలలు ఒకదానితో ఒకటి పోటీపడేవి. వాటి రగ్బీ కప్పు 1875 నుంచి ఉంది. తెడ్డు పట్టినవాళ్లకు కూడా అసలు ప్రత్యర్థి పక్క ఆసుపత్రే.

తర్వాత విలీనాల కాలం వచ్చింది. లండన్‌లోని పన్నెండు వైద్య పాఠశాలలను జతలుగా కలిపి ఆరు చేయాలని వైద్య విద్యపై ప్రభుత్వం వేసిన టాడ్ కమిషన్ 1968లో సిఫారసు చేసింది. అది అమలుకు రావడానికి ఏళ్లు పట్టింది. 1982లో గైస్, సెయింట్ థామస్ కలిశాయి. 1998లో ఆ రెండూ కింగ్స్‌లో చేరాయి. చేరింగ్ క్రాస్, వెస్ట్‌మిన్‌స్టర్ 1984లో ఒకటై 1997లో ఇంపీరియల్‌లోకి వెళ్లాయి; సెయింట్ మేరీస్ 1988లోనే అక్కడికి చేరింది. మీ అక్కగారి విషయానికొస్తే, యూనివర్సిటీ కాలేజీ వైద్య పాఠశాలతో మిడిల్‌సెక్స్ 1987లోనూ, రాయల్ ఫ్రీ 1998లోనూ కలిశాయి.

ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉంది. పాఠశాలలు పెద్ద కాలేజీల్లో కలిసిపోయినా, వైద్య విద్యార్థుల క్లబ్బులు కాలేజీ క్లబ్బులో కలవకుండా తమలో తాము కలిశాయి. మిడిల్‌సెక్స్ ఆసుపత్రి 2005లో మూతపడి, ఆ తర్వాత కూల్చివేతకు కూడా గురైంది. అయినా 'రమ్స్' పేరులోని 'ఎం' అక్షరం ఆ ఆసుపత్రిదే. కనుక ఇప్పటి పేరుకు 1998 సరైన సంవత్సరమే గాని, క్లబ్బు చరిత్రకు అది చాలదు. మూడు పాయలనూ విడివిడిగా వెతకవలసిందే.

జవాబు 2: పాతపత్రికలు

పై సభ్యులు చెప్పినదానికి వైద్యుల వైపు నుంచి ఒక చేర్పు. రోయింగ్ ఆరోగ్యానికి చేటు అనే వాదాన్ని గట్టిగా లేవనెత్తింది కూడా ఒక ఆసుపత్రి సర్జనే. బార్ట్స్‌కు చెందిన ఫ్రెడరిక్ స్కే 1867లో టైమ్స్ పత్రికకు లేఖ రాసి, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి పడవ పందెం యువకుల గుండెను పాడుచేస్తుందని విమర్శించారు.

దానికి సమాధానం చెప్పినవారు మాంచెస్టర్ వైద్యుడు జాన్ ఎడ్వర్డ్ మోర్గన్. ఆయన స్వయంగా ఆక్స్‌ఫర్డ్‌లో తెడ్డు వేసినవారే. 1829 నుంచి 1869 వరకు ఆ పందెంలో పాల్గొన్న 294 మంది వివరాలు సేకరించి, వారి ఆయుర్దాయం మామూలు లెక్కకన్నా సుమారు రెండేళ్లు ఎక్కువేనని 1873లో ప్రకటించారు. నా దృష్టిలో ఆ లెక్కలో ఒక లోపముంది: కలవారి ఇళ్లలో పుట్టి, ఆరోగ్యం బాగుండి జట్టుకు ఎంపికైనవారిని దేశంలోని సాధారణ జనంతో పోల్చడం న్యాయం కాదు. 1954లో అలన్ రూక్ కేంబ్రిడ్జి క్రీడాకారులను వారి సహాధ్యాయులతోనే పోల్చి చూసినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కృష్ణలంక_విద్యార్థి

ఇద్దరికీ కృతజ్ఞతలు. విలీనాలు జరిగి పాతికేళ్లు దాటినా క్లబ్బులు వేరుగానే మిగలడానికి అభిమానం ఒక్కటే కారణమా? అలాగే, ఈ చరిత్రలో ఆడపిల్లల పాయ ఎక్కడ మొదలవుతుంది?

జవాబు 3: హామర్‌స్మిత్_వాసి

అభిమానం ఉంది గాని, అసలు కారణం టైంటేబుల్ అని నా అభిప్రాయం. తక్కిన విద్యార్థులు చాలావరకు మూడేళ్లలో డిగ్రీ ముగించుకుని వెళ్లిపోతారు. మీ అక్కగారి కాలేజీలో వైద్య విద్య ఆరేళ్లు. బ్రిటిష్ విశ్వవిద్యాలయాలు బుధవారం మధ్యాహ్నాన్ని ఆటలకు వదిలిపెట్టడం ఆనవాయితీ. వార్డుల్లో పోస్టింగు పడినవారికి ఆ వెసులుబాటు అన్నిసార్లూ దొరకదు. పైగా లండన్ పడమటి భాగంలోని చిజిక్ దగ్గర థేమ్స్‌కు ఆటుపోట్లు ఉంటాయి, పోటు వేళ రోజుకు సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. నది వేళనూ వార్డు వేళనూ కలుపుకుంటూ ఎనిమిది మందిని, చుక్కాని పట్టే కాక్స్‌ను ఒక్కచోట చేర్చడం అంత తేలిక కాదు; అందరూ ఒకే చదువు వారైతే ఇబ్బంది కొంత తగ్గుతుంది. ఆటు సమయంలో వెళితే ఒడ్డంతా బురదే. దాదాపు పద్దెనిమిది మీటర్ల పడవను ఎనిమిది మందీ భుజాలకెత్తుకుని, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లతో నీళ్లలోకి దిగి, పడవ ఎక్కేముందు ఆ బూట్లు విప్పి గట్టుమీద ఉన్నవారికి అందిస్తారు.

ఆడపిల్లల పాయను రాయల్ ఫ్రీ వైపు వెతకండి. 1874లో మొదలైన లండన్ మహిళా వైద్య పాఠశాల విద్యార్థినులకు 1877 నుంచి ఆసుపత్రి శిక్షణ ఇచ్చింది ఆ ఆసుపత్రే; ఆ పాఠశాలలో మగవారిని చేర్చుకున్నది 1947లో. కనుక 'రమ్స్'లో కలిసిన మూడు పాయల్లో ఒకటి దశాబ్దాల పాటు పూర్తిగా స్త్రీలది. క్లబ్బు పాత కప్పులు గానీ, జట్ల పేర్లు రాసిన చెక్క పలకలు గానీ ఎక్కడైనా ఉన్నాయేమో మీ అక్కగారిని చూడమనండి. వాటిమీద 'మిడిల్‌సెక్స్' అనో 'రాయల్ ఫ్రీ' అనో ఒక్క పేరే కనిపిస్తే, అది ఏ విలీనానికి ముందుదో తేల్చడం కష్టం కాదు.