పొడవు కలవని వెనక షాక్‌ను ఫ్రేమ్‌కు సరిచేసి బిగించవచ్చా?

నల్లగొండ సభ్యుడు: నా పాత మౌంటెన్ బైక్ ఫ్రేమ్‌కు 200×57 కొలత షాక్ అబ్జార్బర్ కావాలి (మిల్లీమీటర్లలో 200 రెండు బోల్టుల మధ్య పొడవు, 57 అది నొక్కుకునే దూరం, అంటే స్ట్రోక్), దానితో వెనక చక్రం 140 మిల్లీమీటర్లు కదులుతుంది. మంచి ధరకు దొరికింది మాత్రం 210×55. లతీఫ్ సాహెబ్ గుట్ట దారుల్లో తిరగడానికి దీన్నే అమర్చుకోవచ్చా?

మిర్యాలగూడ సభ్యుడు: తప్పకుండా అమర్చుకోవచ్చు. రైస్‌మిల్లులకు షాఫ్టులూ బుష్‌లూ చేసిచ్చే లేత్ పనివాళ్లు మా ఊళ్లో ఉన్నారు. ఫ్రేమ్ మీద షాక్ బిగించే చోట పది మిల్లీమీటర్ల దూరంలో కొత్త రంధ్రం వేయిస్తే సరిపోతుంది. కొత్త షాక్ ధర ముందు ఆ కూలి ఎంత?

దేవరకొండ సభ్యుడు: ఆ పనివాళ్ల నేర్పు మీద నాకు సందేహం లేదు. వెడల్పు కలవకపోతే స్పేసర్లు, బుష్‌లు లేత్ మీద చేయించుకోవడం మంచి పద్ధతే. ఇక్కడ తేడా మాత్రం రెండు బోల్టుల మధ్య పొడవులో ఉంది. 140ని 57తో భాగించి చూడండి: షాక్ ఒక మిల్లీమీటరు కదిలితే చక్రం సగటున దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు కదులుతుంది కాబట్టి, పది మిల్లీమీటర్ల అదనపు పొడవు బైక్ వెనక భాగాన్ని ఇంచుమించు 25 మిల్లీమీటర్లు పైకి లేపుతుంది. ముందు ఫోర్క్ ఒక డిగ్రీకి పైగా నిటారవుతుంది. మా కోట గుట్టల రాళ్ల మీద దిగేటప్పుడు ఆ మార్పు చేతులకు వెంటనే తెలుస్తుంది. రంధ్రం నడుమ కాకుండా పక్కకు ఉండే ఆఫ్‌సెట్ బుష్‌లు ఒక్కో చివర రెండు మూడు మిల్లీమీటర్లకు మించి సర్దలేవు.

రంధ్రం ఆలోచన నాకు భయం కలిగిస్తోంది. షాక్ మీద పడే భారమంతా మోసేది ఆ చోటే. అంచు పలచబడితే పగులు అక్కడే మొదలవుతుంది. రంధ్రం బదులు కొత్త పట్టీ వెల్డింగ్ చేయిద్దామన్నా, ఫ్రేమ్ 6061 రకం అల్యూమినియం అయితే, ఆ వేడికి మెత్తబడిన లోహం మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయనిదే పాత బలానికి రాదు. కొన్ని షాక్‌లలో లోపల స్పేసర్ వేసి స్ట్రోక్ తగ్గించవచ్చు, 230×65ను 230×60గా మార్చినట్లు. అయినా పొడవు మారదు.

మిర్యాలగూడ సభ్యుడు: వెల్డింగ్ విషయం ఒప్పుకుంటున్నాను. మరి స్టీల్ ఫ్రేమ్ అయితే?

దేవరకొండ సభ్యుడు: స్టీల్‌కు కొత్త పట్టీ వెల్డింగ్ చేయించవచ్చు, చేసేవారికి ఫ్రేముల పని తెలిసి ఉంటేనే. ఆ తర్వాత షాక్‌లో గాలి పూర్తిగా తీసేసి, చివరి దాకా నొక్కి, టైరు సీటు గొట్టాన్నీ, షాక్ డబ్బా ఫ్రేమ్‌నూ తాకడం లేదని చూసుకోవాలి. ప్రశ్న అడిగినవారి ఫ్రేమ్ అల్యూమినియం అయితే మాత్రం ఆ 210ని అమ్మేసి, సర్వీసు చేసిన పాత 200×57 కోసం వెతకమంటాను.