డ్రిప్ సబ్సిడీ ఎవరికెంత ఇచ్చారో ఊరికి తెలియాలా?

నర్సంపేట మిర్చి రైతు:
నీటి పొదుపు కోసమని డ్రిప్‌కు ప్రభుత్వం సబ్సిడీ ఇస్తోంది. మన తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ రైతులకు నూరు శాతం, బీసీలకు, సన్నచిన్నకారు రైతులకు 90, మిగతావాళ్లకు 80. ఎవరికెంత ఇచ్చారో పేర్లతో సహా పంచాయతీ ఆఫీసు గోడ మీద రాయాలంటాను. మా పక్క ఊళ్లో ఒక చేనులో పైపులు పరిచి, ఫొటో దిగి, నెల తిరగకముందే చుట్టలు చుట్టి ట్రాక్టర్‌లో వేసుకుపోయారు. ఫిల్టర్ బిగించిన సిమెంటు దిమ్మె ఒక్కటే మిగిలింది. జాబితా గోడ మీద ఉంటే పక్క చేను రైతే అడిగేవాడు. ఒక్క ఆఫీసరు ఎన్ని చేలు తిరుగుతాడు?

పరకాల రైతు బిడ్డ:
అన్నా, దొంగను పట్టడానికి అందరి పేర్లూ గోడకెక్కించాలా? మా నాన్నకు డ్రిప్ వచ్చిందని తెలిసిన మర్నాడే పురుగుమందుల షాపాయన బాకీ కట్టమని ఇంటికొచ్చాడు. సబ్సిడీ డబ్బు నేరుగా పైపుల కంపెనీకి పోతుంది, మా వాటా మేమే కట్టాం, చేతికి రూపాయి రాలేదని ఎంత చెప్పినా వినడే! వాకిట్లో నిలబడి అరుస్తుంటే అమ్మ బయటికి రాలేకపోయింది. ఇంకో మాట. బిల్లు, సబ్సిడీ పక్కపక్కన రాస్తే నూరు శాతం అన్నదాన్ని బట్టే కులం తెలుస్తుంది.

నర్సంపేట మిర్చి రైతు:
ఊళ్లో ఎవరి కులం ఎవరికి తెలియదమ్మా? అయినా ఇంటర్నెట్‌లో పెడితే ఊరు దాటిపోతుంది, ఆ మాట ఒప్పుకుంటాను. అందుకే గోడ చాలంటున్నాను.

హన్మకొండ, రిటైర్డ్ ఉద్యోగి:
చట్టం ఏమంటుందో కూడా చూద్దాం. 2005 సమాచార హక్కు చట్టం 4(1)(బి) ప్రకారం సబ్సిడీ పథకాల కేటాయింపులు, లబ్ధిదారుల వివరాలు ఎవరూ అడగకుండానే వెల్లడించాలి. 2023 డేటా రక్షణ చట్టం ఈ సమాచార హక్కు చట్టంలోని 8(1)(జె)ని మార్చి వ్యక్తిగత సమాచారానికి గట్టి తాళం వేసింది, కానీ 4వ సెక్షన్ జోలికి పోలేదు. అమెరికాలో 2008 ఫామ్ బిల్లు అనే వ్యవసాయ చట్టం 1619 సెక్షన్ రైతు ఇచ్చిన పొలం వివరాలు బయటపెట్టొద్దంటుంది, చెల్లింపుల సమాచారానికి మాత్రం ఆ అడ్డు పెట్టలేదు. యూరప్‌లో వ్యవసాయ సబ్సిడీ తీసుకున్న రైతుల పేర్లన్నీ ఇంటర్నెట్‌లో పెట్టడాన్ని 2010లో యూరోపియన్ యూనియన్ కోర్టు కొట్టేసింది, ఎంత తీసుకున్నారన్న తేడా చూడకుండా అందరినీ ఒకే గాటన కట్టారని. తర్వాత పేర్లు మళ్లీ పెట్టారు గానీ మరీ చిన్న మొత్తాలవాళ్లను వదిలేశారు. ఆధార్, ఫోన్ నంబరు, బ్యాంకు ఖాతా ఎక్కడా పెట్టకూడదు. అందులో వాదన లేదు.

నర్సంపేట మిర్చి రైతు:
సార్, మన దగ్గర అసలు డబ్బు ఎవరికి పోతోందో పరకాల చెల్లెలే చెప్పింది. డబ్బు కంపెనీకి పోతున్నప్పుడు జాబితాలో ముందు కంపెనీ పేరే ఉండాలి. ఎకరానికి మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు, అదే లేటరల్ పైపు, ఎన్ని మీటర్లు, ఏ ధర, ఫిల్టర్ ఏ సైజు, ఎన్నేళ్ల గ్యారంటీ. అప్పుడు రైతు బిల్లు పట్టుకుని తన చేనులో పైపు కొలుచుకుంటాడు. షాపాయన వచ్చినా, డబ్బు ఎవరికి పోయిందో చూసుకోమని గోడ చూపించొచ్చు. ఉపాధి హామీ సామాజిక తనిఖీల్లో కూలీల పేర్లు, రోజులు గ్రామసభలో గట్టిగా చదివారు. రెక్కలు ముక్కలు చేసుకున్న కూలి లెక్క ఊరంతా విన్నప్పుడు కంపెనీ బిల్లు ఎందుకు వినకూడదు?

పరకాల రైతు బిడ్డ:
కంపెనీ, ధర, పైపు కొలత గోడ మీద పెట్టండి, నేనూ సంతకం పెడతా. రైతు పేరు, సొమ్ము మాత్రం గ్రామసభలో అడిగినవాళ్లకు రిజిస్టర్ చూపిస్తే చాలు. నాన్న తరఫున ఇంతకన్నా ఒప్పుకోలేను.

మహబూబాబాద్ కౌలు రైతు:
గోడయినా, రిజిస్టరయినా నా పేరు ఉండదు. పాస్‌బుక్ ఉన్నవాళ్లకే డ్రిప్. నేను దున్నే మూడెకరాల పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. ఆయన దరఖాస్తు పెట్టడు, బోరులో నీళ్లు మార్చి నెల దాటవు. జాబితా రాసేవాళ్లు ఆ చేను ఎవరు సాగు చేస్తున్నారో కూడా ఒక గడిలో రాయాలి.