సాటెలావ్యూ జేల్డా: ఫ్యాన్లు మళ్ళీ నిలబెట్టింది అసలు ఆటేనా?

పాత_క్యాట్రిడ్జి:
ఎమ్యులేటర్ల (పాత ఆటల్ని కంప్యూటర్లో నడిపించే సాఫ్ట్‌వేర్ల) గ్రూపులో ఒకాయన "బీఎస్ జేల్డాని ఎప్పుడో కాపాడేశారు, ఇంకా ఏడుపెందుకు" అని తేల్చేశాడు. బీఎస్ జేల్డా అంటే సాటెలావ్యూలో ప్రసారమైన జేల్డా వీడియో గేమే. నాకు మింగుడు పడలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నా.

తెలియనివాళ్ళకి రెండు ముక్కలు. సాటెలావ్యూ అంటే 1995 ఏప్రిల్‌లో నింటెండో జపాన్‌లో మాత్రమే తెచ్చిన పెట్టె. నింటెండో వాళ్ళ ఆటల యంత్రం సూపర్ ఫామికామ్ అడుగున తగిలించి శాటిలైట్ ట్యూనర్‌కి కలిపితే, సెయింట్ గిగా అనే శాటిలైట్ రేడియో కంపెనీ ప్రసారం చేసే ఆటలు దిగేవి. దిగింది దాచుకోడానికి ఒక మెగాబైట్ మెమరీ ప్యాక్. అది నిండితే పాతది చెరిపి కొత్తది దించుకోవాల్సిందే. 2000 జూన్ 30తో ప్రసారాలు ఆగిపోయాయి.

గొడవంతా సౌండ్‌లింక్ ఆటలతోనే, అంటే ఆడుతుండగా శబ్దం ప్రసారంలో వచ్చేవాటితో. 1995 ఆగస్టులో వారానికో భాగం చొప్పున నాలుగు వారాలు వచ్చిన జేల్డా అలాంటిదే. బొమ్మలు ప్యాక్‌లోంచి నడిచేవి. కథ చెప్పే గొంతులు, సంగీతం మాత్రం అప్పటికప్పుడు ఉపగ్రహం నుంచి వచ్చేవి. ఆటలో గడియారం తిరుగుతూ ఉండేది. ఫలానా నిమిషానికి "ఇప్పుడు బాంబులు ఎన్నయినా వాడుకో" అని గొంతు చెప్పేది, అదే నిమిషంలో బాంబులకు లెక్కాపత్రం ఉండేది కాదు. మధ్యలో ఫోన్ వచ్చి లేచావా, ఆ బాంబులు గోవిందా. గంట గడిస్తే ఆ వారానికి ఆట ముగిసినట్టే.

ఇవాళ మనం ఆడేదేమిటి? ప్యాక్‌లోంచి తీసిన డేటా, మనం ఎప్పుడంటే అప్పుడు మొదలయ్యే గడియారం, ఫ్యాన్లు మళ్ళీ చెప్పిన డబ్బింగ్. హరికథ పుస్తకం చదివి హరికథ విన్నాననడం లాంటిది ఇది. అదే ఆట అంటే నేను ఒప్పుకోను.

ఒసాకా_తెలుగోడు:
అన్నా, మరీ అంత పట్టుదలా? ఇక్కడ సెకండ్‌హ్యాండ్ షాపుల్లో ఆ ప్యాక్‌లు చూశా. మీద 8ఎం (8 మెగాబిట్లు, అంటే నువ్వన్న ఒక మెగాబైటే) అని ఉంటుంది, అంతే. లోపల ఏ ఆట ఉందో షాపు ఓనరుకీ తెలీదు, కొన్నాక పెట్టి చూసుకోవాల్సిందే. పైగా కొన్ని ఆటలకి ఇన్నిసార్లే తెరవాలని పరిమితి ఉండేది. ఆ లెక్క ఫైల్లో ఆట వివరాలుండే హెడర్ అనే భాగంలో ఓ చిన్న గుర్తు. దాన్ని మార్చేస్తే 'అయిపోయిన' ఆట మళ్ళీ లేస్తుంది. ఎవరో డబ్బు తగలేసి, వేలంలో ప్యాక్‌లు కొని, ఇదంతా తవ్వకపోతే నీకు ఆక్షేపించడానికైనా ఆట ఉండేది కాదు.

పాత_క్యాట్రిడ్జి:
తవ్వినవాళ్ళకి దణ్ణం పెడతా, అది వేరు. నేను అడిగేది దానికి తగిలించిన పేరు గురించి.

చట్టం_చూద్దాం:
మీరిద్దరూ అసలు సంగతి వదిలేస్తున్నారండీ. హక్కులున్న కంపెనీ ఉంది. అది తేదలచుకుంటే తెస్తుంది. స్క్వేర్ అనే కంపెనీ వాళ్ళ రాడికల్ డ్రీమర్స్ కూడా సాటెలావ్యూ ఆటే, 2022లో వాళ్ళదే క్రోనో క్రాస్ ఆటతో పాటు అధికారికంగా వచ్చింది, ఇంగ్లీషులో కూడా. సాటెలావ్యూలో వచ్చిన ఫైర్ ఎంబ్లెమ్ ఆట భాగాల్ని నింటెండో వాళ్ళు 2010లో తమ చేతి యంత్రం డీఎస్ ఆటలో కలిపి ఇచ్చారు. మనకి తొందరెందుకు?

ఒసాకా_తెలుగోడు:
తొందరా! జేల్డాకి ముప్ఫై ఏళ్ళయింది సార్, ఇంతవరకూ అతీగతీ లేదు. జపాన్ చట్టం ప్రకారం కంపెనీ పేరున వచ్చినదానికి విడుదల నుంచి 70 ఏళ్ళ హక్కు. అంటే 2065 దాకా. ప్యాక్‌ల్లో ఉండే ఫ్లాష్ మెమరీ చిప్పులు అందాకా ఆగుతాయా? 2023 మార్చిలో తన 3డీఎస్, వీ యూ అనే యంత్రాల ఆన్‌లైన్ షాపుల్లో కొనుగోళ్ళు మూసేసిందీ అదే కంపెనీ. నమ్మకం పెట్టుకోమంటే ఎలా?

చట్టం_చూద్దాం:
నమ్మకం లేకపోతే హక్కు మనదైపోదు కదండీ. ఎవరి ప్యాక్‌ని వాళ్ళు భద్రంగా కాపీ చేసుకోండి, నాకేం అభ్యంతరం లేదు. ఊరందరికీ పంచడం దగ్గరే నా పేచీ.

పిక్సెల్_పిల్ల:
నాకీ చర్చలో సగం అర్థం కాలేదు గానీ ఒక్క మాట. ఆ గొంతులు ఎటూ జపనీసే, నాకు ఒక్క ముక్క తెలీదు. ఫ్యాన్ల డబ్బింగ్‌తోనే ఆడా, బాగుంది. కొత్త గొంతయితే ఏం పోయింది?

పాత_క్యాట్రిడ్జి:
బాగుండడం గురించి కాదమ్మా. ఆ గొంతు ఆటకి అలంకారం కాదు, ఆటలో భాగం. ఎప్పుడేం జరుగుతుందో చెప్పేది అదే. పైగా హీరో, జేల్డా ఆటల్లో మామూలుగా ఉండే లింక్ కూడా కాదు, సాటెలావ్యూ పెడితే తెర మీద మొదట కనిపించే ఊళ్ళో నువ్వు ఎంచుకున్న అబ్బాయో అమ్మాయో. జపాన్ అంతటా అదే సాయంత్రం, అదే గడియారం మీద అందరూ ఒకేసారి ఆడుతున్నారు. ఆ ముక్క ప్యాక్‌లోంచి తీసిన ఏ కాపీలోనూ (డంప్‌లోనూ) ఉండదు.

ఒసాకా_తెలుగోడు:
అదీ పూర్తిగా పోలేదన్నా. అప్పట్లో కొందరు వీహెచ్ఎస్ క్యాసెట్ల మీద రికార్డు చేసుకున్నారు, వాటిలో కొన్ని బయటికొచ్చాయి. ఎక్కడ ఏం మాట్లాడారో వినడానికి అవే దిక్కు.

పాత_క్యాట్రిడ్జి:
సరే, అయితే నా మాట ఇంకాస్త సూటిగా చెప్తా. ప్యాక్‌లోంచి వచ్చింది ఇది, క్యాసెట్‌లోంచి విన్నది ఇది, మేం కొత్తగా చేర్చింది ఇది అని మూడూ విడివిడిగా చెప్పాలి. లేకపోతే ఇంకో పదేళ్ళకి ఫ్యాన్ల గొంతే 1995 గొంతని రాసేస్తారు.

ఒసాకా_తెలుగోడు:
ఫ్యాన్లు ఆటకి చేర్చే ప్యాచ్‌తో వచ్చే రీడ్‌మీ ఫైల్లో రాస్తే సరిపోదా?

పిక్సెల్_పిల్ల:
రీడ్‌మీ ఎవరు చదువుతారు అన్నా, నేనైతే ఎప్పుడూ తెరవలేదు 😅

పాత_క్యాట్రిడ్జి:
చూశావా? అందుకే ఆట మొదలవగానే తెర మీదే వెయ్యాలంటున్నా, స్టార్ట్ నొక్కినా మూడు సెకన్ల దాకా పోకుండా.